గదిలో ఎవరూ లేరు

మా అమ్మ గదిలో ఏసీని ఎవరో ఆపేస్తున్నారట. అమ్మ ఫోనులో ఆ మాట అనగానే, ఆ ఎవరో ఎవరన్నది నాకు తెలిసిపోయింది. ఆడపడుచునన్నాక ఆమాత్రం తెలియకపోతే ఎలా?

"మద్దేనం అన్నం తిని పడుకుంటానా, చల్లగా హాయిగానే ఉంటాది చంద్రా. మెలకువొచ్చేసరికి ఒళ్లంతా చెమటలు. గది ఉడికిపోతా ఉంటాది. ఊపిరాడదు," అంది అమ్మ.

"అప్పుడు ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"మీ వదినే ఉంటాది. మద్దేనం పూట ఇంటికాడే పని చేసుకుంటంది."

నేను తునిలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ని. అనుమానం నాకు జబ్బు కాదు, ఉద్యోగం. కడుపునొప్పని బడి మానేసిన పిల్లకి నిజంగా నొప్పి ఉందో లేదో మొహం చూసి చెప్పేయగలను. అదృష్టంకొద్దీ ఆ వారమే వానలకి బడులు మూసేశారు. పిల్లల్ని ఇళ్లకి పంపించి, సంచి సర్దుకుని కాకినాడ రైలెక్కాను.

శ్రావణమాసంలో కాకినాడ సంగతి తెలియనివాళ్లకి చెబితే అర్థం కాదు. వాన కురిసినా ఉక్కే, కురవకపోయినా ఉక్కే. డబ్బాలో ఉప్పు నీరవుతుంది. వేయించిన అప్పడం పళ్లెంలోకి వచ్చేలోపే మెత్తబడిపోతుంది. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు, ఆరినా కుక్కవాసన పోదు. అలాంటి ఊళ్లో, గుండె ఆపరేషనైన మనిషికి ఏసీ ఆపేయడమంటే మామూలు విషయం కాదు. అమ్మకి ఆయాసం వస్తే ఏమవుతుందో డాక్టరు మాకు ముందే చెప్పి ఉన్నాడు.

మా అన్నయ్య సూరిబాబు పోర్టులో పని చేస్తాడు. మెత్తని మనిషి. వదిన సౌదామిని మెత్తని మనిషి కాదు. సామర్లకోట రోడ్డులో ఒక చిన్న కంపెనీ ల్యాబులో ఇంజినీరు. మూడేళ్లుగా ఒక పెట్టె మీద పడి ఉంది. దానికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు నోరు తిరగదు, ఇంట్లో అందరం 'వదిన పెట్టె' అంటాం. అన్నయ్య కూడా.

నేను వెళ్లిన రోజు భోజనాల దగ్గర వదినే దాని సంగతి ఎత్తింది. అమ్మ గది గోడకి, ఏసీ కింద బిగించి ఉంది. తెల్లగా, చపాతీల డబ్బా అంత. ముందువైపు ఒక అంకె వెలుగుతోంది.

"వానాకాలంలో మనల్ని చంపేది వేడి కాదు చంద్రకళా, తేమ," అంది వదిన. "జనం అది తెలీక పద్దెనిమిది మీద పెట్టి, చలేసి రగ్గు కప్పుకుంటారు. బిల్లొచ్చాక గుండె పట్టుకుంటారు. ఈ పెట్టె లోపల చక్రం గాల్లో తడిని తాగేస్తుంది. తడి పోతే ఇరవై ఏడు మీద పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పుకున్నా చాలు."

"ఆ అంకేంటి?"

"గదిలో ఎంతమంది ఉన్నారో అది. మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా కాస్త తడి బయటికొస్తుంది కదా, ఆ తడిని బట్టి లెక్కేస్తుంది. ఎవరూ లేరనుకో, కాసేపు చూసి ఏసీ ఆపేస్తుంది. బయటి గాలి వచ్చే మూతా మూసేస్తుంది, లేకపోతే వానగాలి తడి మళ్లీ లోపలికొచ్చేస్తుంది. మనిషి లేని గదికి చలువెందుకు? అసలు పొదుపంతా అక్కడే ఉంది."

నేను లేచి అమ్మ గదిలోకి వెళ్లాను. అమ్మ మంచం మీద కూర్చుని తమలపాకు నములుతోంది. కాసేపటికి ఒకటి కాస్తా రెండైంది. బయటికి వచ్చేశాను, ఒకటైంది. మా హాస్టల్లో ఇలాంటిది ఉంటే నాకు హాజరు పిలిచే బాధ తప్పేది అనుకున్నాను. ముచ్చటేసిన మాట నిజమే, కానీ ముచ్చటపడ్డానని అనుమానం మానుకునే రకాన్ని కాను.

"గదిలో తడిబట్టలు మాత్రం ఆరేయకండి," అంది వదిన వెనకనుంచి. "తలుపు తెరిచి ఉంచకండి. అత్తయ్యా, మీరు అర్ధగంటకోసారి తలుపు తీస్తే నా లెక్కలన్నీ పాడైపోతాయి."

నా లెక్కలు, అంది. ఆ మాట పట్టుకున్నాను. రాత్రి అన్నయ్యని అడిగితే మిగతాది చెప్పాడు. ఊళ్లో కొన్ని ఇళ్లలో ఈ పెట్టెలు పరీక్షకి పెట్టారట. ఈ వానలయ్యేసరికి కరెంటు బాగా తగ్గినట్టు తేలితే దసరాకి పెట్టె బజార్లోకి వస్తుంది, వదిన ల్యాబుకి హెడ్డవుతుంది. అందరికంటే బాగా తగ్గింది ఎక్కడయ్యా అంటే మా ఇంట్లోనేనట.

ఎందుకు తగ్గదు? మధ్యాహ్నమంతా ముసలిదాని ఏసీ ఆపేస్తే తగ్గక ఏం చేస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం అమ్మ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏసీ చక్కగా నడిచింది. అమ్మ హాయిగా పడుకుంది, నేనూ రెండు కునుకులు తీశాను. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు అమ్మకి నిద్ర పట్టాక కావాలనే లేచి, పెరటివైపు వసారాలోకి వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చాను. తలుపు తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. ఏసీ ఆగిపోయి ఉంది. అమ్మ అప్పుడే లేచి గుండెల మీద చెయ్యేసుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"చూశావా? నువ్వుంటే ఆగదు. నువ్వు లేస్తే ఆగుద్ది," అంది.

హాల్లో వదిన ఒళ్లో ల్యాపుటాపు, పక్కన ఫోను. ఆ ఫోనులో పెట్టె అంకె కనబడుతుందని, అందులోంచే ఏసీ ఆపొచ్చని అన్నయ్య చెప్పనే చెప్పాడు. ఇంకేం కావాలి? గదిలో ఇద్దరుంటే ఊరుకుంటుంది, ఒక్కతే ఉంటే ఆపేస్తుంది. దొంగకి తాళం చేతిలో పెట్టినట్టుంది.

సాయంత్రం అన్నయ్య రాగానే వీధి వసారాలోకి లాక్కెళ్లి చెప్పాను. "బిల్లు కోసం అమ్మ ఊపిరి తీస్తోందిరా మీ ఆవిడ. తనకి పేరు కావాలి, అందుకు అమ్మ దొరికింది."

"సౌదామిని అలాంటిది కాదే," అన్నాడు గాని, ఆ అనడంలో బలం లేదు. వాడికీ ఎక్కడో ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. భోజనాల దగ్గర మొహం ఎత్తకుండా అడిగాడు, "మద్దేనం అమ్మ ఏసీ ఏమైనా ఆపుతున్నావా?"

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నన్ను చూసింది, అమ్మని చూసింది. లేచి చెయ్యి కడుక్కుని ఫోను తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది.

"నేను ఆపితే ఇందులో పడుతుంది. ఎవరూ ఆపలేదు. గదిలో మనిషి లేక అదే ఆగింది. అత్తయ్య మధ్యాహ్నాలు పక్కింటికి వెళ్తున్నారేమో, నన్నడిగితే నాకేం తెలుసు?"

"నేను వీధి గుమ్మం దిగి ఎన్నాళ్లయిందో నీకు తెలీదా అమ్మా?" అంది అమ్మ. "ఉన్నదాన్ని లేనని చెప్పడానికి నోరెలా వచ్చింది?"

"నేను చెప్పలేదత్తయ్యా. పెట్టె చెబుతోంది."

"పెట్టె చెబితే వేదం. నేను చెబితే అబద్ధం. అంతే కదా?"

ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. వదిన మనసులో ఏముందో నాకు తెలుసు. కరెంటు ఖర్చని అత్తగారే దొంగచాటుగా ఆపేసుకుని, కూతురు రాగానే కోడలి మీదికి నెట్టేస్తోందని ఆవిడ అనుమానం. వదిన రిమోటు తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేయడం నా కళ్లతో చూశాను. అమ్మ అది చూసి, ఆ తాళం తన నోటికే వేశారన్నట్టు ఊరుకుండిపోయింది. నేను పక్కన కూర్చుంటే మెల్లిగా అంది, "నన్ను తీసుకుపోవే. మీ హాస్టల్లో ఓ మూల పడుంటాను. ఈడికీ దీనికీ నా మూలంగా గొడవెందుకు?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందొచ్చింది. రేపు వదినని పట్టుకుని తీరాల్సిందే అనుకున్నాను.

పౌడరు డబ్బాకి ఆనించి నా ఫోనుని అమ్మ గదిలో అల్మారా మీద నిలబెట్టాను, వీడియో ఆన్ చేసి. మంచం, తలుపు, పెట్టె మూడూ అందులో పడేలా చూసుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు. ఆవిడకి నిద్ర పట్టే వేళకి వసారాలోకి వెళ్లి, వాన చూస్తూ కూర్చున్నాను. తరవాత ఫోను తెచ్చుకుని వంటింట్లో తలుపేసుకుని చూశాను.

తలుపు తెరుచుకోలేదు. వదిన రాలేదు. ఎవరూ రాలేదు. అమ్మ పక్క మీద ఒరిగింది, కాళ్ల దగ్గర నేత దుప్పటి లాక్కుంది, మునివేళ్లనుంచి మాడుదాకా కప్పుకుని ముసుగు తన్నింది. చెయ్యి కూడా బయట లేదు. కాసేపు గడిచింది. పెట్టె మీద ఒకటి ఉన్న చోట సున్నా వచ్చింది. టక్‌మని మూత పడిన చప్పుడు వినబడింది. ఏసీ రెక్క నెమ్మదిగా ముడుచుకుంది. మంచం మీద అమ్మ కదలకుండా పడుకునే ఉంది.

నిజం చెప్పొద్దూ, వదిన కనబడనందుకు కాస్త నిరాశ కూడా కలిగింది.

ఫోను తీసుకెళ్లి వదిన ముందు పెట్టాను. చూసి, "దుప్పటి కింద ఇంకో రిమోటు ఉందేమో," అంది.

"ఉంటే సున్నా ఎందుకు పడుతుంది వదినా? రిమోటుతో ఆపితే ఏసీ ఆగుతుంది గాని మనిషి మాయమవదు కదా?"

వదిన వీడియోని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ముసుగు తన్నేచోట ఆపింది.

"ఇలా రోజూ పడుకుంటారా అత్తయ్య?"

"చిన్నప్పటినుంచీ ముసుగు లేకపోతే నిద్ర పట్టదు. మీరు ఏసీ పెట్టించాక ఇంకా బిగించింది. చలిగాలి మొహానికి కొడితే మూతి వంకరపోతుందని ఆవిడ భయం."

వదిన లేచి అమ్మ గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. అమ్మ నిద్ర లేచి కూర్చుని ఉంది. వదిన ఆ దుప్పటి చేతిలోకి తీసుకుని వేళ్లతో తడుముతూ పోయి ఒక చోట ఆగింది. మూతి దగ్గర ఉండే భాగం అది. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. చెమ్మగా ఉంది.

"ఊపిరి తడంతా ఈ దుప్పటే తాగేస్తోంది," అంది. "పెట్టె దాకా ఏమీ రావట్లేదు."

"ల్యాబులో ఎవరికీ ముసుగు పెట్టి చూడలేదా మీరు?"

"కాలేజీ కుర్రాళ్లని పడుకోబెట్టాం. వాళ్లు ఫోన్లు చూసుకుంటూ పడుకున్నారు. ముసుగన్న మాటే ఎవరికీ తట్టలేదు." దుప్పటి మడతపెడుతూ అంది, "నాకైనా తట్టాల్సింది. మా అమ్మమ్మా అంతే."

"హాజరు వేసేటప్పుడు నేను ముందు ముసుగులు తీయిస్తాను. దుప్పటి కింద పిల్ల ఉందో దిండుందో ఎవడికి తెలుసు?" అన్నాను. వదిన నవ్వలేదు.

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తనది అబద్ధం కాదని తేలినందుకు సంతోషిస్తుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు.

"అయితే ఇన్నాళ్లూ నేను లేననుకుందా ఆ పెట్టె?" అంది. "సరే, దానికి కళ్లు లేవు. నువ్వు గోడవతలే ఉన్నావు కదమ్మా. ఓసారి తొంగి చూడొచ్చు కదా."

వదిన మంచం అంచున కూర్చుంది. "సున్నా పడ్డప్పుడల్లా సంతోషించానత్తయ్యా," అంది. "బాగా తగ్గుతోందని."

ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు కనబడింది. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. ఒప్పుకున్నవాళ్లంతా దిద్దుకుంటారని ఏముంది? మర్నాడు ల్యాబుకి నేనూ వస్తానన్నాను. వద్దనలేదు.

ల్యాబు అంటే ఏదో అనుకున్నాను. పాత బియ్యం గోడౌనుకి సున్నం కొట్టించి, మధ్యలో అద్దాల గది కట్టారు. గదిలో ఒక మంచం, ఏసీ, పెట్టె. ఆ కంపెనీ పెద్ద శేషాచలంగారు నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, వదిన గురించి చాలా గొప్పగా చెప్పారు. అంత తియ్యగా మాట్లాడేవాళ్లంటే నాకు పడదు.

వదిన మా అమ్మ దుప్పటి పట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు బిగించుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని, తల మీదుగా కప్పేసుకుంది. నేను అద్దం ఇవతల నిలబడి అంకె చూస్తున్నాను. ఒకటి. ఒకటి. శేషాచలంగారు టీ ఊదుకుంటూ, "ఏం కాదండీ, చూడండి," అన్నారు. అంకె సున్నా అయింది. టక్‌మని మూత పడింది.

మంచం మీద దుప్పటి సన్నగా లేచి పడుతోంది, కళ్లు పెట్టి చూస్తే తప్ప తెలియనంతగా. బయటికి వస్తుందని చూశాను. రాలేదు. అద్దం మీద కొట్టాను, చెయ్యి మాత్రం బయటపెట్టి ఆగమంది. ఆవిడ ఉద్దేశం నాకు అర్థమైంది, అమ్మ ఎంతసేపు పడుందో అంతసేపూ తనూ పడుండాలని. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు. కాసేపు ఓర్చుకుని తలుపు తోసేశాను. అమ్మ గదిలోంచి కొట్టిన ఆవిరే నా మొహాన కొట్టింది. వదిన లేచి కూర్చుంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకే తల పగిలిపోతోంది," అంది శేషాచలంగారితో. "ఆవిడకి గుండె జబ్బు."

"చిన్న సవరణ అంతే కదమ్మా," అన్నారాయన. "సున్నా పడినా ఆపొద్దని ఇక్కడినుంచే అన్ని పెట్టెలకీ కబురు పంపేయ్. ఎవరికీ చెప్పక్కర్లేదు. దసరా దగ్గరికొచ్చేసింది."

వదిన ముందు ఆ పని చేసింది. అక్కడికక్కడే కూర్చుని, ఊళ్లో అన్ని పెట్టెలకీ ఏసీ ఆపొద్దని, మూత తెరిచే ఉంచమని పంపింది. తరవాత ఏ ఇళ్లలో మధ్యాహ్నాలు ఎక్కువ సున్నాలు పడ్డాయో తీసింది. పొదుపులో బాగా ముందున్న ఇళ్లన్నీ అవే. పైన మా ఇల్లు. దాని కింద జగన్నాథపురంలో గంగరాజుగారని ఒక పెద్దాయన గది. కొన్నాళ్లుగా అక్కడ మధ్యాహ్నమే కాదు, పొద్దస్తమానం సున్నానే.

వదిన ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఒక ఆడగొంతు పలికింది.

"మావయ్యగారు పోయారండి. రేపు పెద్దకార్యం."

వదిన ఫోను నావైపు జరిపింది. నేనే అడిగాను, ఎలా జరిగిందని.

"మద్దేనం అన్నం తిని పడుకున్నారండి. లెగలేదండి. గుండె ఆగిపోయిందన్నారండి డాక్టరుగారు." గొంతు తగ్గించి అంది, "మీ పెట్టెది తప్పేం లేదండి మేడం. బాగానే పని చేసేదండి."

ఫోను పెట్టేశాక శేషాచలంగారు తలుపు దగ్గరగా వేశారు. పెద్ద వయసు, గుండె జబ్బు, డాక్టరు మాట, అన్నీ వరసగా చెప్పారు. ఏదీ అబద్ధం కాదు. ఇంట్లో అన్నయ్యా అవే చెప్పాడు. "ఆయన టైమొచ్చి పోయాడేమో ఎవరికి తెలుసు? నువ్వు నోరు తెరిస్తే ఉద్యోగం పోద్ది. కేసవుద్ది. పోయినాయన తిరిగొస్తాడా సౌదామినీ?"

వదిన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు నచ్చలేదు. మా హాస్టల్లో తప్పు చేసిన పిల్లలు అరుస్తారు, ఏడుస్తారు. ఊరుకున్నవాళ్లే మర్నాడు గోడ దూకుతారు.

అనుకున్నట్టే పొద్దున్నే వదిన గంగరాజుగారి ఇంటికి బయల్దేరింది. భుజానికి పనిముట్ల సంచి. అందులో స్క్రూడ్రైవర్లూ, స్పానర్లూ గలగలలాడుతున్నాయి. పలకరింపుకి వెళ్లేవాళ్లకి స్పానర్లెందుకు? పెట్టెని మెల్లగా విప్పుకుని వచ్చేద్దామని కాకపోతే? ఆ గోడ మీదనుంచి అది లేచిపోతే ఇక ఏ గొడవా ఉండదు.

"నేనూ వస్తాను తోడు," అన్నాను. ఆవిడ నా మొహంకేసి చూసి, "రా," అంది.

ఆటో వంతెన దాటేసరికి వాన పట్టుకుంది. గంగరాజుగారి ఇంటి ముందు సందులో టార్పాలిన్ కట్టి వంటలు చేస్తున్నారు. హాల్లో ఒక వారగా ఆయన ఫోటో, దండ. చుట్టూ బంధువులు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. పెట్టె కంపెనీ వాళ్లమని ఒకాయనతో చెప్పి, వదిన గది ఎక్కడో అడిగి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను, గది తలుపు మీద ఒక కన్నేసి.

గంగరాజుగారి కూతురు జయమ్మ మాట్లాడుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "తలుపు తీత్తే గది పొయ్యిలాగ ఉందంటండి. ఏసీ ఆపేసుంది. నాన్నకి ఆపడం చేతకాదు, రిమోటు మీద మీటలే కనబడవు ఆయనకి. మరెవరు ఆపుతారండి? ఈ ఇంటి కోడలు లోవకుమారి ఉందే, కరెంటు బిల్లు చూసి సణుగుతానే ఉండేది. ముసలోడికి చలువెందుకనుకుంది. ఆయన ఊపిరి తీసేసింది."

ఆ మాటల పొందిక నాకు బాగా తెలుసు. అన్నయ్యతో వసారాలో నేను అన్నవే. నాకు తలెత్తాలనిపించలేదు.

వంటింటి గుమ్మంలో ఒకావిడ నీళ్ల బిందెతో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఆమె బిందె దించబోతే పక్కనున్న ఇద్దరు ముసలమ్మలు కొంగులు దగ్గరికి తీసుకుని జరిగారు. ఆమె భర్త ఫోటో పక్కనే కూర్చున్నాడు, ఒక్కసారి కూడా అటు చూడలేదు. లోవకుమారి అంటే ఈమేనని అర్థమైంది. ఫోనులో మాతో మాట్లాడిన గొంతు.

గదిలోంచి మరలు విప్పుతున్న చప్పుడు వస్తోంది. అంతా నేను అనుకున్నట్టే జరుగుతోంది. ఇప్పుడు సంచిలో వేసుకుని వెనకనుంచి వెళ్లిపోతుంది. ఈ పిల్ల బతుకంతా ఆ గుమ్మంలోనే నిలబడిపోతుంది.

వదిన పెట్టెని రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. సంచిలో పెట్టలేదు. అందరి మధ్యలోంచి నడిచి వచ్చి, హాలు మధ్యలో నేల మీద దించింది.

"నా పేరు సౌదామిని. ఇది తయారు చేసింది నేను," అంది. "గంగరాజుగారు ముసుగు పెట్టుకుని పడుకునేవారాండీ?"

కొడుకే నెమ్మదిగా అన్నాడు, "పెట్టుకునేవారండి. దోమలని మొదలెట్టి, ఏసీ పెట్టాక పొద్దస్తమానం అదే."

"ముసుగులో ఉన్న మనిషి దీనికి కనబడడు. గదిలో ఎవరూ లేరనుకుని ఏసీ ఆపేసి, గాలి మూత మూసేస్తుంది. మా అత్తగారికీ ఇలాగే చేసింది. ఆవిడ బతికి ఉండబట్టి మాకు తెలిసింది. మీ నాన్నగారు దీనివల్లే పోయారో, జబ్బుతోనే పోయారో నాకు తెలీదు, నేను చెప్పలేను. ఏసీ ఆపింది మాత్రం మీ ఇంట్లో మనుషులు కాదు. ఇది ఆపింది. ఆ తప్పు నాది."

"ఎవరు చెప్పమన్నారు నీకీ మాటలు?" జయమ్మ లేచింది. "దీని పుట్టింటోళ్లు నీ కాళ్లు పట్టుకున్నారా?"

"ఎవరూ చెప్పమనలేదండి. చెప్పొద్దన్నారు. మీరు ఏ కోర్టుకి పిలిచినా వచ్చి ఇదే చెబుతాను."

ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో వదిన భుజం పట్టుకుని లాగారు. ఇంకెవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. నేను వెళ్లి వదిన పక్కన నిలబడి ఆ చెయ్యి తీసేశాను. "నేను ఈవిడ ఆడపడుచునండి. ఈవిడే ఆపేస్తోందని ఊరు దాటి వచ్చి పట్టుకోబోయినదాన్ని. నా కళ్లతో చూశాను, నిజమే చెబుతోంది," అన్నాను. ఆడపడుచు మాటకి ఆ హాల్లో ఉన్న విలువ నాకు తెలుసు. గోల కాస్త తగ్గింది.

ఆ జనాన్ని తప్పించుకుంటూ లోవకుమారి ముందుకొచ్చింది. పెట్టెని చూడలేదు, భర్తని చూడలేదు. వదిన మొహంలోకే చూస్తోంది.

"అయితే నేను ఆపలేదాండి?" అని అడిగింది.

"ఆపలేదమ్మా."

"అందరూ అంటా ఉంటే ఆపేనేమో అనుకున్నానండి. రిమోటు చేత్తో పట్టుకున్నట్టు, మీట నొక్కినట్టు గుర్తు కూడా వచ్చేసిందండి."

జయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోవకుమారి వదిన ముందు నేల మీద కూర్చుండిపోయింది.

"ఇంకోసారి చెప్పండి మేడం," అంది.

వదిన కూడా కింద కూర్చుని, మళ్లీ మొదటినుంచీ చెప్పింది.